నర్సమ్మలకు చోటు చేసిన డాక్టరమ్మ: అన్నా కుగ్లర్

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో ఏ సంఘానికి వెళ్లినా ఒక సంగతి గమనిస్తాం. స్త్రీల వరుసల్లో ఒకరిద్దరైనా నర్సులు కూర్చుని ఉంటారు. లేదంటే ఎక్కడో నర్సుగా పనిచేస్తున్న కూతురి కోసం ప్రార్థన మనవి చెప్పే తల్లి ఉంటుంది. రిమ్స్‌లో, ఘోషా ఆసుపత్రిలో, విశాఖ కేజీహెచ్‌లో, ఉద్దానం డయాలసిస్ కేంద్రాల్లో, హైదరాబాదు కార్పొరేట్ ఆసుపత్రుల్లో, గల్ఫ్ దేశాల్లో మన పిల్లలు రాత్రింబవళ్లు పనిచేస్తున్నారు. నర్సింగ్ మన సంఘాలకు కొత్త వృత్తి కాదు. బడి ముఖం చూసిన మొదటి తరం ఆడపిల్లలు టీచర్లయ్యారు, లేదా నర్సులయ్యారు. ఆ తలుపు వారికి ఎలా తెరుచుకుందో తెలుసుకోవాలంటే ఒక జీవితాన్ని జ్ఞాపకం చేసుకోవాలి. ఈ వారం డాక్టర్ అన్నా సారా కుగ్లర్ గురించి రాస్తున్నాం.

కుగ్లరమ్మ డాక్టరు, నర్సు కాదు. అయితే తెలుగు నేలపై నర్సులు గౌరవంగా నిలబడి పనిచేయగల ఆసుపత్రిని కట్టి, నడిపి, నిలబెట్టిన వారిలో ఆమె ముందువరుసలో ఉంటారు. ఆసుపత్రిలో నర్సు పరిస్థితి ఎలా ఉంటుందనేది చాలావరకు ఆసుపత్రిని నడిపేవారి చేతుల్లో ఉంటుంది. అందుకే ఈ జీవితం నర్సులకు ఎంత అవసరమో, ఆసుపత్రులు నడిపే కమిటీలకూ పెద్దలకూ అంతే అవసరం.

ఆమె 1856లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, ఫిలడెల్ఫియా నగరానికి దగ్గరలోని ఆర్డ్‌మోర్‌లో ఒక లూథరన్ కుటుంబంలో పుట్టారు. ఆడపిల్ల డాక్టరు చదువుతానంటే అమెరికాలో కూడా నవ్వే రోజులవి. అయితే 1850లోనే ఫిలడెల్ఫియాలో స్త్రీల కోసం ప్రత్యేకంగా ఒక వైద్య కళాశాల ఏర్పడింది. కుగ్లర్ అక్కడే చదివి 1879లో పట్టా పుచ్చుకున్నారు. సముద్రం దాటి వెళ్లిన మన ఆనందీబాయి జోషి 1886లో డాక్టరు పట్టా అందుకున్నదీ ఆ కళాశాలలోనే. ఇద్దరి మధ్య ఏడేళ్ల తేడా.

చదువు ముగిశాక కుగ్లర్ నారిస్‌టౌన్ అనే ఊళ్లోని మానసిక రోగుల ఆసుపత్రిలో, స్త్రీల విభాగంలో పనిచేశారు. ఆ విభాగానికి అధికారి డాక్టర్ ఆలిస్ బెన్నెట్ అనే స్త్రీ. మతి స్థిమితం లేని వారిని గొలుసులతో, కట్లతో బంధించి ఉంచడం అప్పటి వాడుక. బెన్నెట్ ఆ పద్ధతిని మాన్పించి, రోగులకు చేతిపనులు అప్పగించారు. దీన్ని రోగుల కోణం నుంచే చూస్తే సగమే చూసినట్టు. గొలుసు తీసేయాలంటే దాని బదులు మనిషి కావాలి. ఓపికగా పక్కన కూర్చునే మనిషి, కేకలు వేసినా కోపం తెచ్చుకోని మనిషి, రాత్రి మెలకువగా ఉండే మనిషి. అలాంటి మనుషులు సరిపడా లేని ఆసుపత్రిలో గొలుసు మళ్లీ వస్తుంది. రోగిపై దయ చూపాలంటే ముందు రోగిని చూసుకునే వారికి పని పరిస్థితులు సరిగా ఉండాలి. యువ డాక్టరుగా కుగ్లర్ అడుగుపెట్టిన చోటు ఇది.

ఆ రోజుల్లోనే గుంటూరు నుంచి ఆమెకు ఒక ఉత్తరం వచ్చింది. గుంటూరులో 1842లో ఫాదర్ హేయర్ మొదలుపెట్టిన లూథరన్ మిషన్ అప్పటికి నలభై ఏళ్లది. అక్కడి మిషనరీ ఆడమ్ రో ఆ ఉత్తరంలో తెలుగు స్త్రీల అవస్థ రాసి, స్త్రీ వైద్యురాలు కావాలని కోరారు. ఇంట్లోని స్త్రీకి ఎంత జబ్బు చేసినా పరాయి మగవాడు, డాక్టరైనా సరే, ఆమెను ముట్టుకోవడానికి వీల్లేని కుటుంబాలు ఎన్నో. విజయనగరంలో నేటికీ ఒక ప్రభుత్వ ఆసుపత్రికి ఘోషా ఆసుపత్రి అనే పేరుంది. ఘోషా అంటే పరదా. ఆ ఒక్క మాటలో ఆనాటి స్త్రీల కథంతా ఉంది. వైద్యం దొరక్క పోయిన ప్రాణాలు కొన్నైతే, వైద్యం ఉండీ అందక పోయిన ప్రాణాలు ఎన్నో.

కుగ్లర్ వస్తానన్నారు. కానీ ఆమెను పంపవలసిన స్త్రీల మిషన్ సంఘం వైద్య పని మొదలుపెట్టడానికి అప్పటికి సిద్ధంగా లేదు. టీచరుగా, ఘోషా స్త్రీల ఇళ్లకు వెళ్లి బోధించే మిషనరీగా అయితే పంపుతామన్నారు. ఆమె ఒప్పుకున్నారు. మందులు, పరికరాలు వెంట పెట్టుకునే ఓడ ఎక్కారు. 1883 నవంబరు చివర గుంటూరు చేరారు. బడుల పనీ, ఇళ్ల సందర్శనా అప్పగించారు. అవి చేస్తూనే, అడిగి వచ్చిన రోగులను చూడడం మొదలుపెట్టారు. మొదటి ఏడాదిలోనే నాలుగు వందల మందికి పైగా చూశారు. 1885 డిసెంబరులో గాని ఆమెను వైద్య మిషనరీగా అధికారికంగా నియమించలేదు. వైస్రాయి భార్య లేడీ డఫరిన్ భారత స్త్రీల వైద్యం కోసం నిధిని స్థాపించింది కూడా ఆ సంవత్సరమే. అవసరాన్ని గుర్తించడంలో ఒక పల్లె మిషనరీ, ఒక కొత్త డాక్టరు ప్రభుత్వం కన్నా ముందున్నారు.

ఆ తొలి ఏళ్లు తేలికగా గడవలేదు. వేడి ఒకవైపు, భాష ఒకవైపు. వాటికన్నా కష్టమైనది అంటు. పై కులాల ఇళ్లలో ఆమె ముట్టుకున్న వస్తువు మైలపడినట్టే లెక్క. ప్రాణం పోతున్నా ఆమె చేతి మందు పుచ్చుకోవడానికి వెనుకాడిన కుటుంబాలు ఉండేవి. ఆమె వాదించి గెలిచే ప్రయత్నం చేయలేదు. మళ్లీ పిలిచినప్పుడు మళ్లీ వెళ్లారు. ఒక్కొక్క ప్రసవం, ఒక్కొక్క జ్వరం, ఒక్కొక్క బిడ్డ ద్వారా నమ్మకం పెరిగింది.

అయితే ఇళ్లకు తిరిగి చేసే వైద్యానికి ఒక హద్దు ఉంటుంది. డాక్టరు వచ్చి వెళ్లిపోతుంది. ఆ తరువాత రోగికి నీళ్లు ఎవరిస్తారు, గాయం ఎవరు కడుగుతారు, జ్వరం పెరిగితే ఎవరు గమనిస్తారు? ఆసుపత్రి కావాలని కుగ్లర్ పట్టుబట్టడానికి కారణం ఇక్కడుంది. 1889లో సెలవుపై అమెరికా వెళ్లినప్పుడు సంఘాల స్త్రీలకు ఈ అవసరాన్ని వివరించి నిధులు సమకూర్చారు. 1891లో తిరిగి వచ్చారు. 1893లో డిస్పెన్సరీకి సొంత భవనం వచ్చింది. 1898లో ఆసుపత్రి తెరిచారు. బండి మీద మందుల పెట్టెతో మొదలైన పనికి మంచాలు, వార్డులు, ఆపరేషన్ గది ఏర్పడడానికి పదిహేనేళ్లు పట్టింది.

ఆసుపత్రి కట్టడానికి డబ్బు చాలు. నడపడానికి మాత్రం నర్సులు కావాలి. ఆ సంగతి కుగ్లర్‌కు తెలుసు. 1890వ దశకంలో క్యాథరీన్ ఫాస్ అనే శిక్షణ పొందిన నర్సు అమెరికా నుంచి వచ్చి ఆమెతో చేరారు. ఆ తరువాత డాక్టర్ మేరీ బేర్ వచ్చారు. బేర్ పేరు తరువాతి కాలంలో చీరాల ఆసుపత్రితో ముడిపడింది. తెలుగు ఆడపిల్లలకు నర్సు పని నేర్పడం ఆసుపత్రి పనిలో ఒక భాగమైంది.

ఇక్కడ కొంచెం ఆగి, ఆ మొదటి తెలుగు నర్సుల గురించి ఆలోచించాలి. వారి పేర్లు చాలావరకు ఏ పుస్తకంలోనూ లేవు. ఆనాటి సమాజంలో పరాయివారి శరీరాన్ని ముట్టుకుని, రక్తం, మలం శుభ్రం చేసే పని తక్కువ పని. మంత్రసానికి అవసరం ఉండేది గాని పీట ఉండేది కాదు. రాత్రిపూట ఇంటి బయట పనిచేసే ఆడదానిపై మాట పడకుండా ఉండదు. అందుకే మర్యాదస్తులమనుకునే కుటుంబాలు కూతుళ్లను ఈ పనికి పంపలేదు. ముందుకు వచ్చినవారు ఎక్కువగా మిషన్ బడుల్లో చదివిన క్రైస్తవ పిల్లలు. వారిలో చాలామంది అంటరానివారని ఊరి చివర ఉంచిన కుటుంబాల వారు. ఊరి బావి దగ్గరకు రానివ్వని ఇంటి పిల్ల, ఆసుపత్రిలో అగ్రకుల స్త్రీ నాడి పట్టుకుని చూడాలి. ఆమెకు మందు పట్టాలి. దుప్పటి మార్చాలి.

అలాంటి చోట నర్సుకు రక్షణ ఏది? తెల్ల చీర, టోపీ వాటంతటవే గౌరవం తెచ్చిపెట్టవు. ఆసుపత్రి పెద్దలు ఆమె వెనుక నిలబడితేనే గౌరవం వస్తుంది. రోగి బంధువులు నర్సు చేతి నీళ్లు వద్దంటే ఆసుపత్రి ఎవరి పక్షం నిలుస్తుంది? కులాన్ని చూసి నర్సును మారుస్తుందా, ఇక్కడ చేతులకు కులం లేదని నిలబడుతుందా? మిషన్ ఆసుపత్రుల నిజమైన పరీక్ష అదే. ఆ పరీక్షలో ప్రతిచోటా, ప్రతిరోజూ నెగ్గారని మేము అనడం లేదు. కానీ శిక్షణ పొందిన దళిత క్రైస్తవ స్త్రీ ఏ కులపు రోగినైనా ముట్టుకుని చూసుకునే చోటుగా ఆసుపత్రి మారడం తెలుగు నేలపై చిన్న మార్పు కాదు.

గుంటూరు ఆసుపత్రిపై పెరిగిన నమ్మకానికి ఒక ఆనవాలు ఉంది. ఏలూరు జమీందారు రాజా భుజంగరావు కుటుంబానికి అక్కడ వైద్యం జరిగింది. ఆ కృతజ్ఞతతో ఆయన ఆసుపత్రికి దగ్గరలో రోగుల బంధువులు ఉండి వండుకోవడానికి ఒక సత్రం కట్టించారు. వైద్యశాస్త్రంలో ఈ సంగతి చిన్నదే కావచ్చు. వార్డులో పనిచేసే నర్సును అడిగితే ఇది ఎంత పెద్దదో చెబుతుంది. బంధువులకు తలదాచుకునే చోటుంటే వార్డులో రద్దీ తగ్గుతుంది. రద్దీ తగ్గితే గాలి ఆడుతుంది, నేల శుభ్రంగా ఉంటుంది, గొడవలు తగ్గుతాయి.

ఆసుపత్రి గాలి, వెలుతురు, శుభ్రత, నర్సుల నివాసం అన్నీ ఒకే సంగతిలో భాగాలని ఆ తరానికి నేర్పింది ఫ్లారెన్స్ నైటింగేల్. 1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఆమె పేరిట నర్సుల బడి తెరిచినప్పుడు, చదువుతో పాటు వారికి ఒక ఇల్లు కూడా ఏర్పాటు చేశారు. నర్సు ఎక్కడ పడుకుంటుంది, ఏం తింటుంది, ఎవరికి జవాబుదారీ అన్నవి చికిత్సకు బయటి సంగతులు కావని నైటింగేల్ అభిప్రాయం. నర్సులపై అధికారం నర్సింగ్ తెలిసిన స్త్రీకే ఉండాలని ఆమె గట్టిగా పట్టుబట్టారు. మన దేశంలో మిషన్ ఆసుపత్రులు పెట్టిన నర్సుల హాస్టళ్లు, నర్సింగ్ సూపరింటెండెంట్ పదవి ఆ ఆలోచన కొమ్మలే.

కుగ్లర్‌కు 1905లో బ్రిటిష్ ప్రభుత్వం కైజర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. అంతకన్నా మేము గొప్పగా ఎంచేది ఆమె దూరదృష్టిని. పని తన చుట్టూనే తిరగాలని ఆమె కోరుకోలేదు. తెలుగు జిల్లాల్లో మిషన్ వైద్యం రెంటచింతల, చీరాల వంటి చోట్లకు విస్తరించింది. భారతీయ స్త్రీలే డాక్టర్లు కావాలని 1918లో ఇడా స్కడర్ వెల్లూరులో వైద్య పాఠశాల తెరిచినప్పుడు, దానికి అండగా నిలిచిన మిషన్ డాక్టర్లలో కుగ్లర్ ఒకరు. వెల్లూరులో 1909లోనే నర్సుల శిక్షణ మొదలైంది. అది 1946లో డిగ్రీ చదువైంది. ఆమె జీవితకాలంలోనే, 1908లో, దేశంలో శిక్షణ పొందిన నర్సుల సంఘం ఏర్పడింది. 1926లో మద్రాసు రాష్ట్రంలో నర్సుల, మంత్రసానుల చట్టం వచ్చింది. ఆమె వచ్చిన నాటికి పేరులేని పని, ఆమె వెళ్లే నాటికి చట్టం గుర్తించిన వృత్తి అయింది.

1930 జూలై 26న గుంటూరులోనే ఆమె కన్నుమూశారు. వయసు 74. తెలుగు నేలకు వచ్చి 47 ఏళ్లు. ఆమె కట్టిన ఆసుపత్రికి తరువాత ఆమె పేరే పెట్టారు. గుంటూరు వాళ్లు నేటికీ కుగ్లర్ ఆసుపత్రి అనే అంటారు.

మన ఉత్తరాంధ్ర కథ కూడా ఇలాంటిదే. కెనడియన్ బాప్టిస్టు మిషన్ కాకినాడ నుంచి సోంపేట వరకు బడులతో పాటు ఆసుపత్రులు పెట్టింది. సోంపేట ఆరోగ్యవరంలో డాక్టర్ బెన్ గలిసన్ కంటి ఆసుపత్రి నడిపారు. ఆయన పనిని చూసి 1963లో కెనడాలో మొదలైన సహాయం ఆపరేషన్ ఐసైట్ అనే ప్రపంచ సంస్థ అయింది. ఆ ఆపరేషన్ల తరువాత కట్టు విప్పేదాకా రోగుల పక్కన ఉన్నవారు, చుక్కల మందు వేసినవారు, తలకింద దిండు సర్దినవారు ఎవరో మనకు తెలుసు. మన అమ్మమ్మలు, మన పెద్దమ్మలు.

ఈ జీవితాన్ని గుర్తు చేసుకుంటున్నప్పుడు ఒక కష్టమైన సంగతిని దాటేయలేం. విదేశీ మిషనరీలకు వేసవిలో కొండ ప్రాంతాలకు వెళ్లే వీలుండేది. కొన్నేళ్లకోసారి స్వదేశానికి సెలవు ఉండేది. కుగ్లర్ కూడా ఆ సెలవులపై వెళ్లి బలం కూడదీసుకునే తిరిగి వచ్చారు. అది తప్పు కాదు. ఆ విశ్రాంతి లేకపోతే 47 ఏళ్ల సేవ సాధ్యమయ్యేది కాదు. తెలుగు నర్సుకు, కాంపౌండరుకు, ఆయాకు ఆ పాటి సెలవు గాని జీతం గాని ఉండేవి కావు. విశ్రాంతి సేవకు అవసరమైతే అది అందరి సేవకూ అవసరమే. ఈ సగం పాఠాన్ని మన సంస్థలు నేటికీ పూర్తిగా నేర్చుకోలేదు.

సేవ అనే మాటను మనం రెండు విధాలుగా వాడుతున్నాం. వేదిక మీద నర్సులను పొగడడానికి ఒకసారి, జీతం అడిగినప్పుడు నోరు మూయించడానికి మరోసారి. 2016లో సుప్రీంకోర్టు ఆదేశంతో కేంద్రం వేసిన నిపుణుల కమిటీ కొన్ని లెక్కలు సూచించింది. 200 పడకలకు మించిన ప్రైవేటు ఆసుపత్రుల్లో నర్సు జీతం రాష్ట్ర ప్రభుత్వ నర్సు జీతంతో సమానంగా ఉండాలి. వంద దాటిన చోట తేడా 10 శాతానికి, యాభై దాటిన చోట 25 శాతానికి మించకూడదు. 50 పడకల లోపు ఆసుపత్రిలో కూడా నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదు. మన పట్టణాల్లోని ఎన్ని నర్సింగ్ హోముల్లో ఈ మాట నెరవేరుతోందో మన పిల్లల్ని అడిగితే తెలుస్తుంది. ఐసీయూలో ఒక్కో రోగికి ఒక్కో నర్సు ఉండాలని ప్రమాణం. రాత్రి డ్యూటీలో ఒక్క పిల్ల ఎన్ని మంచాలు చూస్తోందో అదీ అడగాలి.

ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో వచ్చే రోగి వారానికి రెండుమూడు సార్లు, గంటల తరబడి యంత్రం పక్కన పడుకుంటాడు. డాక్టరు కాసేపు చూస్తారు. గంటలన్నీ నర్సుతోనే. సీతంపేట, పార్వతీపురం కొండల్లో డోలీలో మోసుకొచ్చిన గర్భిణికి ముందుగా ఎదురయ్యేది ఏఎన్ఎం. ఆ నర్సుకు కూర్చోవడానికి కుర్చీ, తాళం పడే మరుగుదొడ్డి, రాత్రి ఇంటికి చేరే దారి, అలసట గురించి చెప్పుకోగల పై అధికారి ఉన్నారా? ఇవి సౌకర్యాలని కొట్టిపారేసే మాటలు కావు. నిద్రలేని చెయ్యి మందు మోతాదు తప్పుతుంది. అందరి ముందూ తిట్లు తిన్న నర్సు, అనుమానం వచ్చినా డాక్టరును మళ్లీ అడగడానికి భయపడుతుంది. ఆ భయానికి వెల కట్టేది రోగి.

హెడ్ నర్సుల గురించి ఒక మాట. మీ అధికారం డ్యూటీ చార్టు వేయడంతో అయిపోదు. కొత్తగా వచ్చిన పిల్ల తప్పు చేస్తే పక్కకు పిలిచి నేర్పేదీ మీరే. రోగి బంధువులు చెయ్యెత్తితే ముందు నిలబడేదీ మీరే. వరుసగా రెండు డ్యూటీలు వేయమంటే మనుషులు కావాలని యాజమాన్యాన్ని అడగగలిగేదీ మీరే. మీరు కూడా ఒకప్పుడు ఆ తిట్లు తినే పెరిగి ఉండవచ్చు. అదే వరసను కింది వారికి అప్పగించాలన్న నియమం ఎక్కడా లేదు.

మంచి సమరయుని ఉపమానం మీద మనం ఎన్నో ప్రసంగాలు విన్నాం, చేశాం. గాయపడ్డవాణ్ణి పూటకూళ్ల ఇంటికి చేర్చిన సమరయుడు మర్నాడు తన దారిన వెళ్లాడు. ఆ తరువాత రాత్రుళ్లు మేలుకుని అతణ్ణి చూసుకున్నది ఆ ఇంటివాడు. ఆ మనిషి గురించి ప్రసంగాలు తక్కువ. సమరయుడు మాత్రం అతణ్ణి మరువలేదు. దయగల పని కదా, ఊరికే చెయ్యి అనలేదు. రెండు దేనారములు చేతిలో పెట్టాడు. ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు తీరుస్తానని మాట ఇచ్చాడు. చూసుకునేవారిని చూసుకోవడం కూడా ఆ దయలో భాగమే.

కాబట్టి మన సంఘాల ముందు కొన్ని పనులు ఉంచుతున్నాం. సంఘానికి గాని, మన విశ్వాసులకు గాని ఆసుపత్రి ఉంటే, పాస్టర్లు, పెద్దలు ఈ నెలలో ఒకసారి నర్సుల గదిని, హాస్టలును చూసి రండి. జీతాల పట్టీ, డ్యూటీ పట్టీ కమిటీ బల్ల మీద పెట్టించండి. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట లైంగిక వేధింపులపై ఫిర్యాదు వినే అంతర్గత కమిటీ 2013 చట్టం ప్రకారం ఉండి తీరాలి. ఉందో లేదో అడగండి. రాత్రి డ్యూటీ దిగి ఆరాధనకు రాలేని సహోదరిని హాజరు లేదని నిందించవద్దు. సాయంత్రం ఒక కూడిక ఆమె వేళకు పెట్టండి. ఆమె పిల్లల్ని ఆ ఒక్క పూట ఎవరైనా చూసుకోండి. కూతుర్ని నర్సింగ్‌కు పంపే తల్లిదండ్రులు కాలేజీకి గుర్తింపు ఉందో లేదో చూసుకున్నట్టే, ఆ కాలేజీ ఆసుపత్రిలో పిల్లలతో ఎలా మెలుగుతారో కూడా విచారించండి.

కుగ్లరమ్మ మందుల పెట్టెతో వచ్చి ఆసుపత్రిని వదిలి వెళ్లారు. పేరు తెలియని తెలుగు నర్సులు ఆ ఆసుపత్రిని ఆసుపత్రిగా నిలబెట్టారు. ఆమె పేరు రాతి మీద ఉంది. వారి పేర్లు మన ఇళ్లలో ఉన్నాయి. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక మీ సంఘంలోని నర్సు దగ్గరకు వెళ్లి, డ్యూటీ ఎలా ఉందమ్మా అని అడగండి. తొందరపడకుండా, ఆమె చెప్పేది చివరిదాకా వినండి.